ఆర్పేసిన గాలి గుర్తు

రేణుకకు నెలలు నిండాయి. కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉందని, నొప్పులు మొదలైతే ఆగకుండా తీసుకురావాలని భూపాలపల్లి డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. అందుకే ఆమె భర్త శ్యాం టేకుమట్లలో వాళ్ల ఇంటి ముందు ఒక పాత కారు కొని పెట్టాడు. పెళ్లాన్ని వేళకు దవాఖానకు చేర్చడం ఒక్కటే ఈ నెలలో అతని పని.

శనివారం పొద్దున తాళం తిప్పగానే స్టీరింగ్ వెనక పసుపు గుర్తు వెలిగింది. టైర్లో గాలి తగ్గిందని చెప్పే గుర్తు అది. గాలి కొట్టే దుకాణం నాలుగడుగుల దూరంలో ఉన్నా శ్యాం అటు పోలేదు, ఫోన్లో వీడియో పెట్టాడు. ముందు నాలుగు టైర్లలో సరిపడా గాలి కొట్టించండని అందులో మనిషి చెబుతుంటే, మనవాడు ఆ ముక్కను వేలితో ముందుకు తోసేశాడు. బటన్ ఎక్కడుందో చూపించిన చోట ఆపి, దాన్ని నొక్కిపట్టాడు. గుర్తు మూడుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

"ఇంట్లనే బాగుచేసిన అవ్వా, చూసినవా?" అన్నాడు తల్లితో. లచ్చవ్వ కారు ముందు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన కొత్త దండ కడుతోంది. కొడుకు తెలివికి మురిసిపోయింది.

ఆ బటన్ నొక్కితే బండి బాగుపడదు. ఇప్పుడున్న గాలే సరైన గాలి అని నమ్ముతుంది, అంతే. సోమవారం గుర్తు మళ్లీ వెలిగింది, మళ్లీ నొక్కాడు. బుధవారం పొద్దున మూడోసారి నొక్కాడు. గోడ వైపున్న వెనక టైరును ఒక్కసారి వంగి చూసే ఓపిక మాత్రం ఆ మహానుభావుడికి లేకపోయింది.

ఆ మధ్యాహ్నమే నొప్పులు వచ్చాయి. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే వేరే ఊరికి పోయిందన్నారు. పత్తి చేనులో ఉన్న లచ్చవ్వకు కబురు పెట్టి, రేణుకను వెనక సీట్లో పడుకోబెట్టి శ్యాం బయల్దేరాడు. పసుపు గుర్తు లేదు కదా అని ధైర్యంగానే ఉన్నాడు.

పది కిలోమీటర్లు పోయాక కారు ఒక పక్కకు లాగింది. దిగి చూస్తే వెనక టైరు పూర్తిగా నేలకు అతుక్కుపోయింది. డిక్కీలోంచి స్టెపినీ టైరు తీసి కింద వేస్తే అందులోనూ గాలి లేదు. కొన్నప్పటి నుంచి దాని మొహం ఎవరు చూశారు గనక!

"ఎందుకాపినవయ్యా? నాతోని అయితలేదు, జర తొందరగ పోనియ్యి" అని రేణుక ఏడుస్తోంది.

టైరులో ఇనుప తీగ దిగి ఉంది. లాగితే చేతికొచ్చింది. దానికి ఎండిన మిరపకాయ తొడిమె ఒకటి అంటుకుని ఉంది. దిష్టి పోవాలని లచ్చవ్వ ప్రతి శనివారం పాత దండను చక్రం కింద వేసి తొక్కిస్తుంది. ఎండకు దారం తెగుతోందని ఈమధ్య తీగకు గుచ్చడం మొదలుపెట్టింది. శ్యాం తీగను జేబులో కుక్కుకుని రోడ్డు మధ్యకు పరుగెత్తాడు.

వచ్చే బండికల్లా దండం పెట్టాడు. ఒక్కటీ ఆగలేదు. సిగ్గు విడిచి బావురుమన్నాడు. అరగంటకు పత్తి కూలీలను ఎక్కించుకుని, ప్రేమ్‌సింగ్ అనే అతను నడిపే ట్రాలీ ఆటో వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లంతా ఆ ఎండలో రోడ్డు మీద దిగిపోయారు. ఇద్దరు మాత్రం రేణుకను ఎత్తుకుని మళ్లీ ఎక్కి, ఒళ్లో పడుకోబెట్టుకున్నారు.

"ఎక్కు తమ్మీ, నేనున్న" అంటూ ప్రేమ్‌సింగ్ ఆటోను ఉరికించాడు.

దవాఖానకు చేరిన గంట తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి రేణుక ప్రాణానికి భయం లేదంది. బిడ్డ సంగతి అడిగితే తల అడ్డంగా ఊపింది. "అరగంట ముందు తెచ్చి ఉంటే దక్కేది" అని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రానికి లచ్చవ్వ వచ్చింది. సంగతి విని అక్కడే నేల మీద కూలబడి నెత్తి కొట్టుకుంది.

"ఎవల దిష్టి తాకింది కొడుకా! వారం వారం నిమ్మకాయలు కడుతనే ఉంటి గద! పాతయి చక్రం కింద తొక్కిస్తనే ఉంటి గద!"

శ్యాం జేబులో చెయ్యి పెట్టాడు. ఈ తీగ చూపిస్తే ముసల్ది బతికినన్నాళ్లూ కుమిలిపోతుంది. దాన్ని పిడికిట్లో గట్టిగా నలిపాడు. అది అరచేతిలో దిగింది.

"దిష్టి గాదవ్వా" అన్నాడు. "గాలి లేదని బండి నాకు మూడుసార్లు చెప్పింది. నేనే దాని నోరు మూసిన."