ఇంట్లో ఎవరూ లేరు

ఫ్రిజ్‌లో మిగిలిన టమాటాలు, సగం పెరుగు డబ్బా బయటికి తీస్తుంటే మా అత్త అంది, "ఆ పెద్ద ఫ్రిజ్ ఆపెయ్. ఒక్కదానికి ఎంత కావాల? ఏ పూటకాపూట వండుకో." సరే అన్నాను. పొద్దుటి నుంచి వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి, పెట్టెలు సర్ది, దారికి చపాతీలు కట్టి నడుం పట్టేసిన మనిషికి సరే అనడమే సులువు. మరిది పెళ్ళికని వేసవి సెలవుల్లో ఆవిడా, మా ఆయనా సౌదీలోని ఈ అల్ ఖోబర్ నుంచి కడపకు పోతున్నారు. నేను రిసెప్షన్‌లో కూర్చునే క్లినిక్‌లో నాకు సెలవు దొరకలేదు.

ఆ వారమే మా ఆయన ఇష్తియాక్ తన దోస్తు జావీద్ చేత ఏసీలకు, లైట్లకు ఫోన్‌తో నడిచే స్విచ్చులు పెట్టించాడు. ఊరికి పోయినప్పుడు కరెంటు వృథా కాకూడదట. గుమ్మంలో నిలబడి ఫోన్ చూపించాడు. తెర మీద ఖాళీ ఇంటి బొమ్మ. "ఇంట్లో ఎవురూ లేనప్పుడు ఇది నొక్కితే చాలు."

"నేనుంటాను కదండీ?"

"నువ్వొక్కదానివే గదా," అని నవ్వి నొక్కాడు. హాల్లో ఏసీ ఆగింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వితే నవ్వడం నాకు అలవాటు. ఆ అలవాటు మీద ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెళ్ళింటి సందడిలోంచి రోజూ ఆయన ఫోన్లు. "నిన్న హాల్లో ఏసీ ఎందుకేసినావ్? ఎవురొచ్చినారు?" క్లినిక్‌లో నర్సు సరళ టీకి వచ్చిందన్నాను. "రెండో రూములో లైటెందుకు వెలిగింది?" ఇస్త్రీ చేసుకున్నానన్నాను. అప్పటి నుంచి నా ఇంట్లో నేనే దొంగలా తిరగసాగాను, స్విచ్చు మీద వేలు పెట్టి మళ్ళీ తీసేస్తూ. పెళ్ళయినప్పటి నుంచి ఏసీ లేని ఆ వంటింట్లో బిర్యానీలు దించాను, ఆయన స్నేహితులకు, వాళ్ళ స్నేహితులకు. నా ఒంట్లోంచి ఎన్ని యూనిట్లు కాలాయో చూడడానికి మాత్రం ఎవరూ మీటరు పెట్టించలేదు.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం నడుం వాల్చానో లేదో బెడ్‌రూం ఏసీ ఆగింది. లేచి వేశాను. మళ్ళీ ఆగింది. మళ్ళీ వేశాను, మళ్ళీ ఆగింది. కడపలో కూర్చుని ఒక వేలు నాతో ఆడుకుంటోందని అప్పుడర్థమైంది. గోడలు సెగలు కక్కుతున్నాయి. ముఖం కడుక్కుందామంటే కొళాయి నీళ్ళు చెయ్యి కాల్చాయి.

ఫోన్ చేశాను. "ఊపిరాడ్డం లేదండీ."

"ఫోన్లో ముప్పై ఎనిమిదే చూపిస్తాంది. కడపోళ్ళం, మనకిదొక ఎండా?" వెనక ఎవరో నవ్వారు. తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. "ఎల్లుండి జావీద్‌ను పంపిస్తా. తలుపుకు గూడా ఇట్లాంటి తాళమే పెడ్తాడు. ఈణ్ణుంచే ఏసేది, ఈణ్ణుంచే తీసేది. నీకూ భయముండదు."

చీర కొనిపెడుతున్నంత ముద్దుగా చెప్పాడు. ఏసీ ఆగితే కిటికీ తెరుచుకుంటాను. ఆ తలుపు పడితే ఎటు పోతాను?

సరళకు ఫోన్ చేశాను. నిజామాబాద్ పిల్ల, ఎక్కువ ప్రశ్నలు వెయ్యదు. "నా రూముల ఇంకో మంచం ఉన్నదక్కా. బట్టలు సదురుకొని వచ్చెయ్," అంది.

పాస్‌పోర్టు, ఇక్కడ ఉండడానికిచ్చిన ఇకామా కార్డు, నాలుగు జతల బట్టలు బ్యాగులో పెట్టుకున్నాను. అలవాటు చావక గ్యాస్ కట్టేశానో లేదో చూసి, సింకులో రెండు గిన్నెలుంటే కడిగి బోర్లించాను. తలుపు లాగి మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.

"ఏమే, ఇంతసేపటి నుంచి ఒక్క స్విచ్చి గూడా ఏయలేదే. బాగా బుద్ధొచ్చినట్టుంది. ఏం చేస్తాండావ్?"

"మీరు నొక్కినారు కదండీ, ఆ బొమ్మ," అన్నాను వీధిలోకి అడుగుపెడుతూ. "అదే నిజం చేసినా. ఇంట్లో ఎవరూ లేరు."