రెండొందల మీటర్లు

మొక్కజొన్నకి జల్లు పీకాల్సిన మూడు రోజులూ సూరమ్మ సువార్త సభల్లో కూర్చుందట, చేను ప్రభువుకి అప్పజెప్పిందట, అని పక్కింటి సంపూర్ణమ్మ గోడమీంచి మా ఆవిడతో అందట, మా ఆవిడ రత్నమాణిక్యం పొద్దున్నే కాఫీతోపాటు ఆ మాటా తెచ్చి నా చేతిలో పెట్టింది, విన్నారా అండీ అంది, విననేం, ఆ మాట పుట్టిందే నా నోట్లో, మొన్న టీకొట్టు దగ్గర సభలకి పోయిందేమోలే అని ఊరికే ఒక ముక్క వదిలాను, అది ఊరంతా తిరిగి, ఒళ్లు చేసి, మూడు రోజులై నా గుమ్మంలోకే వచ్చింది, ఇప్పుడీ రైతు సేవా కేంద్రంలో కూర్చున్నా చెవిలో అదే మోత, ఎదురుగా బల్లమీద, విత్తనాల కంపెనీ కల్తీ అన్న సూరమ్మ చేలో విరిచిన ఆరు పొత్తులు, పసుపు గింజల మధ్య అక్కడక్కడా పాలిపోయిన గింజలు, గుమ్మం పక్కన గోడకానుకుని సూరమ్మ, కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోమని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు.

విత్తనాల మొక్కజొన్న మామూలు పంట కాదు, నాలుగు ఆడ చాళ్లకి ఒక మగ చాలు చొప్పున వెయ్యాలి, ఆడ మొక్క తలమీద జల్లు కనపడగానే పుప్పొడి రాలకముందే పీకెయ్యాలి, చుట్టూ రెండొందల మీటర్లలో ఇంకో మొక్కజొన్న ఉండకూడదు, మూడేళ్ల కిందట వచ్చిన కంపెనీ ఇంగ్లీషు కాగితం మీద సంతకాలు పెట్టించుకుని, కోతలయ్యాక కల్తీ అని లారీ తిప్పుకుపోతే అడిగే దిక్కు లేకపోయింది, అందుకే ఈసారి పట్టుబట్టాను, కాగితం తెలుగులో ఉండాలి, రేటు విత్తనం వెయ్యకముందే రాయాలి, శాంపిలు ఊరివాళ్ల ముందే రెండు భాగాలు చేసి సీలెయ్యాలి, తగువొస్తే మూడు రోజుల్లో కమిటీ తేల్చాలి, కమిటీలో రైతు తరఫున ఒక మనిషి, ఎవడి వల్ల పక్కవాడి చేను చెడితే వాడే నష్టం కట్టుకోవాలి, ధవళేశ్వరం, రాజమండ్రి, ఏ ఆఫీసు గుమ్మమూ వదల్లేదు, నలభై మంది రైతులు చప్పట్లు కొట్టి ఆ మనిషివి నువ్వే అన్నారు, కంపెనీ గణేష్‌బాబు కూడా, ఇంత గట్టి కాగితం ఏ ఊళ్లోనూ చూళ్లేదండి బంగార్రాజుగారూ అన్నాడు, నిజమే, గట్టి కాగితమే, రెండొందల మీటర్ల షరతు మైకులో రెండుసార్లు చదివిందీ నేనే.

మా దొడ్డి వెనక మడి గుర్తుకే రాలేదు, గేదెల మేతకి వేసిన తెల్లగింజ మొక్కజొన్న, అది పంటెలా అవుతుంది, గడ్డి, ఏటా జల్లు రాకముందే కోసి గేదెలకి వేసేదే, ఈ ఏడు పక్క ఊళ్లవాళ్లు వచ్చి మీ కాగితం మాకూ చెప్పండి, శాలువా కప్పుతామంటే ఊరూరా తిరిగాను, మేత కోత పది రోజులు వెనకపడింది, వచ్చి చూస్తే నిండా జల్లు, తడితే చెయ్యంతా పొడి, అక్కణ్నుంచి సూరమ్మ చేనుదాకా అడుగులతో కొలిచాను, నూట పది మీటర్లు, మళ్లీ కొలిచాను, చిన్న అడుగులేసినా రెండొందలు కాలేదు, కోయించెయ్యమని రత్నమాణిక్యానికి చెప్పాను, సాయంత్రానికి గేదెలు నమిలేశాయి, మర్నాడు మోళ్లు దున్నించేశాను, ఆ పక్కరోజే, కమిటీ మనిషిగా, చుట్టుపక్కల వేరే మొక్కజొన్న లేదు అన్న కాగితం మీద సంతకం పెట్టాను, పెన్ను ఆగలేదు, అదే ఆశ్చర్యం.

వ్యవసాయ సహాయకురాలు హారతి పొత్తు తిప్పి తిప్పి చూస్తోంది, జల్లు వదిలేస్తే గింజ పసుపుగానే కడుతుందండి, ఇలా పాలిపోదు, ఇది బయటి పుప్పొడిలా ఉంది అంటోంది, ఈ పిల్లకి చదువు ఎక్కువైంది, దగ్గర్లో ఏమన్నా ఉందాండి అంది, ఏం లేదమ్మా, నేనే తిరిగి చూశాను, ఆవిడ సభలకి పోయిందని ఊరే చెబుతోంది కదా అన్నాను, గణేష్‌బాబు నవ్వి, మా సంగతి తెలిసిందేగా, కమిటీ ఏం రాస్తే అదేనండి అన్నాడు, బయటి పుప్పొడి అని రాస్తే సూరమ్మకి పూర్తి రేటు, ఆ పుప్పొడివాడికి నష్టం, ఆపైన నలభై మంది ముందు నా మొహం, సూరమ్మ తప్పని రాస్తే ఆమె పంట కోళ్ల దాణాకి పోతుంది, వచ్చే ఏడు విత్తనం ఇవ్వరు, మొగుడు పోయాక ఆ ఎకరన్నర మీదే బతుకుతోంది, అదీ నా భూమే, కౌలు, రెండేళ్ల నుంచి కౌలు కార్డు మీద సంతకం పెట్టండని అడుగుతోంది, రేపమ్మా, ఎల్లుండమ్మా అంటున్నాను, కార్డు లేని కౌలుదారు పంట వెయ్యొచ్చు గాని కమిటీ ముందు తగువు పెట్టకూడదు, కాగితంలో ఆ ఒక్క ముక్కా ఎవరూ అడక్కుండానే నేనే రాయించాను, భూమి చేజారిపోతుందని భయం అని చెప్పుకున్నాను, నాకు నేనూ అదే చెప్పుకున్నాను, ఇప్పుడామెని ఆ గోడ పక్కన చూస్తుంటే తెలుస్తోంది, భూమి ఎక్కడికీ పోదు, ఆ సంగతి నాకెప్పుడూ తెలుసు, నాకు కావలసింది ఆమెకి నోరు లేకపోవడం, ఎప్పుడో ఒక రోజు పనికొస్తుందని, కంపెనీవాడు ఇంగ్లీషులో చేసింది నేను తెలుగులో చేశాను, అంతే తేడా, ఇంత తెలిశాక కూడా చెయ్యి పెన్ను మూత తీస్తోంది, గొంతు ఎంతో దయగా, చూడమ్మా సూరమ్మా, దాచకు, జల్లు పీకావా లేదా, ఉన్నదున్నట్టు చెప్పు అంటోంది, సూరమ్మ గోడ వదిలి నిటారుగా నిలబడి, ఆయ్, పీకానండి, మీ దొడ్డి ఎనకాల జల్లేసిన మేత కోసింది కూడా నేనేనండి, అమ్మగారు పిలిస్తే అంది.