రెప్ప వెంట్రుక

...అయినా ఆ వేలు తనదేనా అని సుల్తాన్‌బీకి అనుమానం. తనదే అయితే తను చెప్పినట్టు వినాలి కదా. కూర తరిగేటప్పుడు వింటుంది. కల్వంలో సుర్మా రాయి నూరేటప్పుడు బుద్ధిగా గుండు పట్టుకుని తిరుగుతుంది. పనంతా అయిపోయి, ఆయన అంగడి నుంచి ఎప్పుడొస్తాడా అని వాకిలి వైపు చూస్తూ కూర్చున్న వేళ మాత్రం, ఎప్పుడు లేచి రెప్ప మీద వాలుతుందో తెలియదు. ఒక వెంట్రుక తక్కినవాటికంటే బిరుసుగా తగులుతుంది. అది ఊడి వచ్చిన క్షణంలో లోపలెక్కడో బిగిసిన ముడి వదులైనట్టుంటుంది. ఆ వెనకాలే సిగ్గు.

పై రెప్పలు రెండూ ఇప్పుడు బోసిపోయాయి.

నిన్న నెల్లూరులో కళ్ల డాక్టరు దీపం పెట్టి చూశాడు. "కంట్లో జబ్బేమీ లేదమ్మా. నువ్వే లాక్కుంటున్నావా?" అని మెల్లగా అడిగాడు. "అట్లాంటివాళ్లు చాలామందే ఉంటారు. తిడితే మానేది కాదు. చెయ్యి ఏ వేళప్పుడు పైకి పోతుందో కనిపెట్టుకుని, ఆ వేళకి దానికో పని ఇవ్వాలి. ఇంట్లోవాళ్లకి చెప్పుకుంటే సగం తేలిక."

పక్కనే చోటే సాహెబ్ నిలబడి ఉన్నాడు. సూళ్లూరుపేట బజార్లో కళ్లకు పెట్టుకునే సుర్మా అమ్ముకునే మనిషి. "నీ రెప్పలు చూసే నా సరుకు అమ్ముడుపోతా ఉండాది" అని పెళ్లయిన కొత్తలో మురిసిపోయిన మొగుడు. ఆయన ముందు ఎలా ఒప్పుకుంటుంది? "లేదండీ, ఆమధ్య రైల్లో బొగ్గు నుసి పడింది" అనేసింది. నుసి రెండు కళ్లలోనూ సమానంగా పడిందా అని డాక్టరు అడగలేదు.

లాక్కోలేదన్న మాట మొగుడు నమ్మాడు, నుసి మాట నమ్మలేదు; తప్పు తన సుర్మాదే అనుకున్నాడు. ఆ అబద్ధం తెచ్చిన చేటు ఇప్పుడు వాకిట్లో కనిపిస్తోంది. అంగట్లో ఉన్న సుర్మా అంతా ఇంటికి మోసుకొచ్చి, చోటే సాహెబ్ సీసాలను గోనెసంచిలోకి సర్దుతున్నాడు.

"ఏందిరా అబ్బయా ఇది? మీ నాయన కాలం నించి నూరతా ఉండే సుర్మా. ఊరందరి కళ్లూ బాగుండాయి గదా!" అంది అత్త, మంచం మీద నుంచి.

"ఊరి సంగతి నాకెందుకమ్మా? నా చేత్తో పెట్టినా. నా ఇంట్లో కళ్లే పాడైనాయి. రాతిలో ఏదో విషముండాది. మొత్తం పులికాట్లో కలిపేసి వస్తా."

"కలుపు. చేపలకైనా రెప్పలు మొలుస్తాయి. ఇక అంగట్లో ఏం పెడతావు?"

"అత్తరు తెచ్చి పెడతా."

"నీ ముక్కుకి వాసనే తెలీదు గదరా!"

సుల్తాన్‌బీకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కంగారుగా లేచొచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మండతా ఉండాదా? నువ్వేం బాధపడబాక మే. తప్పు నాది."

తిడితే బాగుండేది. తిట్టేవాడి దగ్గర దాచుకోవడం సులువు. ఈయన తనది కాని తప్పును ఎత్తుకుని మోస్తున్నాడు. సంచి నీళ్లలో మునిగినా ఆ బరువు మునగదు. ఆయన భుజం మీదే ఉండిపోతుంది.

"సుర్మా కాదు" అంది.

"మరేంది?"

 ఇన్నాళ్లూ ఎవరూ చూడకుండా చేసిన పని. ఆమె ఆయన ముఖంలోకే చూస్తూ, కింది రెప్పకు మిగిలిన వెంట్రుకల్లో ఒకదాన్ని రెండు వేళ్లతో పట్టి లాగి, ఆయన అరచేతిలో పెట్టింది.