ఖాళీగా వచ్చిన పళ్లెం

పక్కింటికి పంపిన పళ్లెం మెట్టు మీద బోర్లించి ఉంది. కడిగి, తుడిచి, తళతళలాడుతోంది. రుబియా దాన్ని తిప్పి చూసింది. ఏమీ లేదు. పిల్లి లాగేసిందేమోనని మెట్టు కింద కూడా వంగి చూసింది. ఏమీ లేదు.

మువార్ ఏటి ఒడ్డున ఆ వాడలో సాయంత్రం అసర్ నమాజు అయ్యాక టీ నీళ్లు పొయ్యెక్కాయంటే, ఆ వేళ చేసిన పిండివంట పక్కింటికి వెళ్లి తీరాలి. వెళ్లిన పళ్లెం ఖాళీగా తిరిగి రాకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపాలి. ఖాళీది పంపడమంటే ఇక మీ గుమ్మం తొక్కనని చెప్పడమే. కొత్త కోడలిగా వచ్చినప్పుడు రుబియాకు ఇదంతా నేర్పింది పక్కింటి సెపియా అత్తే. అలాంటి మనిషి ఇలా చేస్తుందా?

"పెద్దావిడ, మరిచిపోయి ఉంటుందిలే," అన్నాడు మొగుడు జమ్‌హారి, ఆవేళ చేసిన పచ్చటి బియ్యపు మిఠాయి, సెరి ముక, ఒక ముక్క నోట్లో వేసుకుంటూ.

"మొన్న ఎండు మిరపకాయలు, నిన్న వంటల్లో వాసనకేసే పాండన్ ఆకులు నాలుగు, ఇవాళ సున్నా. మరుపు కాదండీ. మనమంటే మొహం మొత్తింది."

"నీ సెరి ముకకి ఆ పచ్చరంగు ఆవిడ ఆకులదేగా. తింటూ తిట్టకు."

"మీరు నోరు మూసుకుని తినండి."

ఏం తప్పు చేశానా అని రుబియా తల బద్దలుకొట్టుకుంది. అత్త పిసినారి అయిపోతోందని తను నలుగురిలో నవ్విన మాట నిజమే. అది ఆవిడ చెవిన పడిందేమో. అటో ఇటో తేల్చుకుందామని పళ్లెం పట్టుకుని విసురుగా పక్కింటి వంటింట్లోకి వెళ్లింది.

సెపియా అత్త నేల మీద కూర్చుని ఉంది. రుబియా పంపిన ముక్కల్లో ఒకటి కొరికి, మిగతావి అరిటాకులో వేరువేరుగా చుడుతోంది.

"టీ వేళ దాచుకోవడమేంటత్తా?"

"ఇవి రాత్రికే. అవి పొద్దుటికి."

"అన్నం వండలేదా?"

అత్త ఇంకో ముక్క ఆకులో చుట్టింది. రుబియా మూలనున్న బియ్యం జాడీ మూత తీసింది. అడుగున కొలిచే కొబ్బరిచిప్ప ఒక్కటే ఉంది. పంచదార డబ్బా తీసింది. అదీ పళ్లెంలాగే కడిగి తుడిచి ఉంది.

"పెరడంతా వెతికానే, ఏమీ మిగల్లేదు," అంది అత్త తల దించుకుని. "నేను నేర్పిన పద్ధతి నేనే తప్పాను."

చూపు మసకబారి అత్త చాపలల్లడం మానేసిందని రుబియాకు తెలుసు. దాచుకున్నదేదో ఉంటుందిలే అనుకుంది. రోజూ తను పంపింది ఫలహారం అనుకుంది. ఈ ఇంట్లో అదే భోజనం. రుబియాకు సిగ్గేసింది.

బియ్యం ఇస్తే అత్త పుచ్చుకోదు. పోయినేడు మసీదు వాళ్లు తెస్తే, నాకన్నా లేనివాళ్లకివ్వండని గుమ్మంలోంచే పంపేసిన మనిషి.

రుబియా జాడీని చంకనెత్తుకుంది.

"ఎక్కడికే అది?"

"అరువు తీసుకెళ్తున్నా. రేపు తిరిగిచ్చేస్తాను."

"జాడీతో నీకేం పనే?"

"ఏదో ఒకటి. కాకపోతే ఖాళీగా తిరిగివ్వకూడదత్తా. నువ్వే నేర్పావు."

అత్త లేవబోయి మళ్లీ కూలబడింది. ఆ పళ్లెం వంక చూసింది.

"ఆ పంచదార డబ్బా కూడా పట్టుకుపో," అంది.