ఏడో నంబరు ఆధారం

"జీతం బత్తెం లేకపోయినా తోడేలు మేకలు కాస్తానందట. నీ పనీ అలాగే ఉంది కృపా," అన్నాడు మా ఆయన స్తెఫను, నేను కంప్యూటర్ ముందు కూర్చోగానే. డిగ్రీ కాలేజీ లెక్చరర్ కదా, సామెత లేకుండా తిట్టడు. వెనకనించి అత్త అందుకుంది. "ఆ డబ్బా ముందు కూకుంటే కూర ఉడుకుతాదేటి?" కూర ఎప్పుడో ఉడికింది. చర్చికి వెళ్ళకముందే వండేశాను, వచ్చి బట్టలు కూడా ఉతికి ఆరేశాను. జీతం బత్తెం లేని కొలువు ఈ ఇంట్లో పన్నెండేళ్ళుగా చేస్తున్నాను, దానికి మాత్రం ఎవరికీ సామెత గుర్తురాదు.

ఇంటర్నెట్లో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞానసర్వస్వం ఒకటుంది. అందులో ఏం రాసినా కింద ఆధారం చూపించాలి. ఆ లింకులు ఏడాది తిరిగేసరికి చచ్చిపోతాయి, నొక్కితే ఖాళీ పేజీ. పోయిన పేజీని వెతికి మళ్ళీ అతికించడం నేను ఎంచుకున్న పని.

ఆవేళ మన్యం కొండ వ్యవసాయం మీద వ్యాసం తెరిచాను. "విత్తనపు వెన్నులను ఇంటిపెద్ద అయిన పురుషుడు ఎంపిక చేస్తాడు." పక్కన ఏడో నంబరు ఆధారం, లింకు పనిచెయ్యదు. ఎవడ్రా ఇది రాసింది అనుకున్నాను. కొండమీద మా పుట్టింటి ఊళ్ళో కోతకి ముందు చోడి చేలోకి, అదే రాగి చేలోకి, మొదట దిగేది ఆడవాళ్ళే. మంచి వెన్నులు ఏరి, బూడిద కలిపి, వెదురుబుట్టలో దాచేదాకా మగాడి చెయ్యి పడకూడదు.

పాత పేజీల నకళ్ళు దాచే సైట్లో వెతికితే దొరికింది. మా ఆయన సెమినార్ పేపరు! ఆరేళ్ళ కిందట దానికోసం చంటిదాన్ని ఎత్తుకుని కొండెక్కి, మా అమ్మ దగ్గర మూడు రోజులు కూర్చుని రాసుకొచ్చింది నేను. "అమ్మ ఇలా చెప్పలేదు కదండీ" అంటే, "ఆడాళ్ళు ఎంచుతారంటే సెమినార్లో నవ్వుతారే" అన్నాడు. చివర్లో ఒక్క ముక్క, 'నా భార్య సహకారానికి కృతజ్ఞతలు'. ఆ భార్యకి పేరు కూడా లేదు.

స్తెఫను నా భుజం మీంచి తొంగిచూసి ఎగిరి గంతేశాడు. "అరె, నా పేపరే! బేగి అతికించీ. వచ్చే నెల ప్రమోషన్ ఇంటర్వ్యూలో చూపించుకుంటాను." అంటూ స్నానానికి పోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అతికిస్తే ఆ అబద్ధం మరో పదేళ్ళు నిలబడుతుంది, పిల్లలు దాన్నే చదివి పరీక్షల్లో రాస్తారు. పోనీ మార్చేద్దామంటే, 'మా అమ్మ చెప్పింది, నాకు తెలుసు' అంటే అక్కడ చెల్లదు. అచ్చయిన ఆధారం కావాలి. మా అమ్మ నోటిమాట ఎవరు అచ్చేస్తారు? ఉక్రోషం పట్టలేక ఆ పేపరు చివరిదాకా చదివాను.

చివర్న అనుబంధం. పేపరుకి పేజీల లెక్క తగ్గిందని, నా చేతిరాత కాయితాలు స్కాన్ చేసి కలిపేశాడు మహానుభావుడు! ఒక్కసారైనా చదివి ఉంటే కలిపేవాడు కాదు. పద్నాలుగో పేజీలో మా అమ్మ యర్రమ్మ మాటలు, చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి: "మగోల్లకేటి తెలుస్తాది ఇత్తనం? ఎన్ను ఎంచీది మేమే, దాసీది మేమే."

లింకు అతికించాను. పైన వాక్యం కొట్టేసి, ఆ పేజీలో ఏముందో అదే రాసి, భద్రం చేశాను.

"పెట్టేసావేటి?" తల తుడుచుకుంటూ వచ్చాడు.

"పెట్టానండీ. ఇంటర్వ్యూలో తప్పకుండా చూపించండి. మీ పేపరే. పద్నాలుగో పేజీ, మా అమ్మ చెప్పింది."