కండ్లు పెట్టిన పన్నెండు మంది

దశరథ్ ఏ బొమ్మకైనా కళ్లు చివరనే పెడతాడు. చిట్యాలలో ముప్పై ఏళ్లు షాపుల బోర్డులు రాసి, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని మానుకున్నాడు గానీ, బోనాలకు ముందు మైసమ్మ గుడి గోడ మీద అమ్మవారి ముఖం దిద్దే పని ఇప్పటికీ ఆయనదే. చీర, నగలు, సింహం ఏ రోజైనా వేస్తాడు. కళ్లు మాత్రం సోమవారం పొద్దున, స్నానం చేసి, ఊదుబత్తి వెలిగించాకే. కళ్లు పెట్టాక అది ఉత్త బొమ్మ కాదని ఆయన నమ్మకం.

కూతురు ప్రవళిక తెచ్చిన ఆట బొమ్మలకూ అదే పద్ధతి పాటించాడు.

నల్లగొండలో ల్యాబ్‌లో పనిచేసే ప్రవళికకు బోర్డు ఆటల పిచ్చి. ఈసారి తెప్పించుకున్న పెట్టెలో ఒక అడవి, దాని కింద గుహలు, ఆ గుహల్లోకి దిగే నలుగురు వీరులు ఉన్నారు. బొటనవేలంత బొమ్మలు, యాభైకి పైనే, అన్నీ బూడిద రంగు ప్లాస్టిక్. రెండు తలల పాము, రెక్కల మొసలి, మనుషుల్ని మింగే పువ్వు. వాటి నడుమ విల్లంబులు పట్టుకున్న పన్నెండు మంది అడవి మనుషులు.

"వీళ్లెవలు బిడ్డా? చెంచులా?" అని అడిగాడు దశరథ్ పెట్టె తెరిచిన రోజు.

"గట్లనే అనుకో నాయినా," అంది ప్రవళిక ఫోను చూసుకుంటూ.

ఆయన అట్లాగే అనుకున్నాడు. ఏటా చైత్ర పున్నమికి నల్లమల లోయలో సలేశ్వరం జాతరకు పోతాడు. అక్కడ లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. రెండేళ్ల కింద దిగుడులో కాలు బెణికితే, బయ్యన్న అనే చెంచు పూజారి భుజం పట్టుకుని కిందిదాకా నడిపించాడు. ఈ ఆటలోనూ వీరులకు దారి చూపేది వీళ్లేనని దశరథ్‌కు ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయింది. అడవిలో ఇంకెవరు చూపుతారు?

నాలుగు నెలలు పట్టింది. పాములకు, మొసళ్లకు పచ్చరంగు వేసి, పైన పొడి కుంచెతో పసుపు రాసి పొలుసులు లేపాడు. ఆ పన్నెండు మందికి మాత్రం పన్నెండు ముఖాలు దిద్దాడు. ఒకడికి నెరిసిన గడ్డం. ఒకామె మెడలో ఎర్రపూసలు. విల్లెత్తి నిలబడ్డవాడికి బయ్యన్న పోలిక. మూడు సోమవారాలు ఊపిరి బిగబట్టి, సూది మొనతో ఇరవై నాలుగు కళ్లు పెట్టాడు.

ఆ తర్వాతి ఆదివారం దశరథ్ అక్క కొడుకు విజేందర్ ఆటకు వచ్చాడు. బల్ల మీద అడవి పరిచారు. దశరథ్ కుర్చీ లాక్కుని కొత్త పెళ్లికొడుకు తండ్రిలా కూర్చున్నాడు. విజేందర్ పాచికలు వేశాడు.

"ఆరు! ముసలోడు పాయె!" అంటూ గడ్డం మనిషిని వేలితో తోసి, పెట్టె మూతలో పడేశాడు.

"అరేయ్, వాన్నెందుకు పడేసినవ్‌రా? దారి సూపెటోడు గద!"

"దారేంది మామా! గీళ్లు దుష్మన్లు. ఒక్కొక్కన్ని చంపితే రెండు పాయింట్లు."

దశరథ్ కూతురి వైపు తిరిగాడు. "ఏం తప్పు చేసిన్రని రాసిన్రు? సదువు."

ప్రవళిక ఆ పన్నెండు మంది గురించి రాసిన కార్డు తీసి, ఇంగ్లిషు చూస్తూ తెలుగులో చెప్పింది. "అడివిలకు వచ్చినోళ్లను అడ్డుకుంటరట. నిధికి కావలి ఉంటరట."

"ఎవలది నిధి?"

"గుహల గుడి ఉంటది నాయినా. వాళ్ల దేవునిది."

"అంటే వాళ్ల అడివిల జొర్రి, వాళ్ల దేవుని సొమ్ము ఎత్కపోతాన్రు. అడ్డమొస్తే చంపుతాన్రు. దొంగలు మీరు, దుష్మన్లు వాళ్లా? థూ! గిట్లాంటి ఆటకు నాతోని స్నానం చేయించి కండ్లు పెట్టిచ్చినవా?"

"ప్లాస్టిక్ మామా..."

"నోర్మూయ్!"

మూతలో పడ్డవాడితో సహా పన్నెండు మందినీ ఏరి తువ్వాల్లో వేసుకుని లేచాడు. ప్రవళికకూ కోపం వచ్చింది. "ఆట నాది నాయినా. ఇటియ్యి."

"ప్లాస్టిక్ నీది. కండ్లు నేను పెట్టిన. సావనీకి ఇయ్య."

ఛాయ్ తెచ్చిన భార్య రామమ్మ గుమ్మంలోనే ఆగింది. "మైసమ్మ కాళ్లకింద రాక్షసున్ని గీస్తవు. వానికీ సోమారమే కండ్లు పెడ్తవు. వాడు సావడా?"

దశరథ్ తువ్వాలు మూట ముడి బిగించాడు. ఇన్నేళ్లలో ఆ రాక్షసుడి గురించి ఆయనెప్పుడూ ఆలోచించలేదు.

"వాడేం జేసిండో అమ్మకు ఎరికే," అన్నాడు. "వీళ్లేం జేసిన్రో గా కార్డు రాసినోనికి గూడ ఎరికె లేదు."

ప్రవళిక కార్డును మళ్లీ ఒకసారి చూసింది. దాన్ని బోర్లించి, "అయితే నువ్వే వాళ్ల దిక్కు ఆడు నాయినా," అంది.

"కార్డు ప్రకారం వాళ్లు ఎదురుంగ ఉరికి రావాలె," అన్నాడు విజేందర్.

"విల్లు చేతిల పట్టుకొని ఎవడన్న ఎదురుంగ ఉరుకుతడారా? బుద్ధున్నదా గా రాసినోనికి?" అంటూనే దశరథ్ కూర్చున్నాడు. మూట విప్పి ఒక్కొక్కరినీ చెట్ల చాటున, బండల వెనక నిలబెట్టాడు. బయ్యన్నను గుడి వాకిట్లో పెట్టాడు. ఛాయ్ చల్లారేలోపు నలుగురు వీరులకూ ముందు దారి లేదు, వెనక దారి లేదు.

విజేందర్ తల గోక్కున్నాడు. "మరి మేమిప్పుడు ఏం జెయ్యాలె మామా?"

"సలేశ్వరం పోయెటప్పుడు ఏమంటం? వత్తున్నం లింగమయ్యా అని పిలుసుకుంట పోతం. మీరు అడివిలకు వచ్చెటప్పుడు ఒక్క మాటన్న అడిగిన్రా?"

విజేందర్ కార్డులన్నీ తిరగేశాడు. "అడిగే కార్డు లేదు మామా. అన్నీ కొట్టుడే."

దశరథ్ చెవి వెనక ఉన్న పెన్సిల్ తీసి, బల్ల మీద అతని ముందు పెట్టాడు. కోపం ఇంకా తగ్గలేదు.

"లేకుంటే రాయి."