మేడమ్ కాలు తడబడిన రోజులు

పాతికేళ్లుగా పిల్లలకు జూడో నేర్పుతున్న మేడమ్‌కు ఒక సోమవారం పొద్దున మంచం దిగగానే ఇల్లంతా గిర్రున తిరిగింది. డాక్టరు ఆమెను అటూ ఇటూ పడుకోబెట్టి చూసి, "ఒంటి తూకం చూసుకునేది చెవి లోపల ఉంటుందమ్మా. అది కాస్త అలిగింది. రోజూ ఒంటికాలి మీద నిలబడి అలవాటు చేసుకోండి. పక్కన మాత్రం ఎవరైనా ఉండాలి" అన్నాడు.

మేడమ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీధిలో సగంమంది పిల్లలకు ఒంటికాలి మీద నిలబడడం నేర్పింది తనే మరి!

ఆ సాయంత్రం పదిమంది పిల్లలు మ్యాట్ మీద వరసకట్టారు. మేడమ్ గోడకు ఆనుకునే, "కుడికాలు ఎత్తండి" అంది.

"మీరు ఎత్తరా మేడమ్?" అంది పిడుగు.

తొమ్మిదేళ్ల ఆ పిల్ల అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒంటికాలి మీద నిలబెడితే ఐదు లెక్కపెట్టేలోగా ఏ ఈగనో చూసి తూలిపోయేది.

పరువు కోసం మేడమ్ కాలెత్తింది. మూడు లెక్కపెట్టేసరికి చతికిలబడింది. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. ఇక దాచి లాభం లేదని ఆమె చెవి సంగతంతా చెప్పేసింది.

"దూది పెట్టుకోండి మేడమ్, తగ్గిపోద్ది" అన్నాడు వరసలో ఉన్న ఒక బొద్దబ్బాయి.

"నువ్వు నోర్ముయ్. డాక్టరు పక్కన మనిషి ఉండాలన్నాడుగా. నేనుంటా" అంటూ పిడుగు వచ్చి మేడమ్ చెయ్యి పట్టుకుంది.

ఆ రోజు నుంచి పిడుగు, మేడమ్ మాటలే మేడమ్‌కు వడ్డించడం మొదలుపెట్టింది. "మోకాలు బిగించొద్దు. కిందకి చూడొద్దు, ఎదురుగా గడియారం చూడండి. ఊపిరి బిగబట్టారో, పడతారు!" అంటూ తానూ కాలెత్తి నిలబడేది. తను తూలితే మేడమ్ కూడా పడుతుందని దాని భయం.

తొమ్మిదో రోజున మేడమ్ ఇరవై లెక్కపెట్టేదాకా నిలిచింది. అప్పుడు చూసుకుంది, పక్కనున్న పిల్ల కూడా కదల్లేదు. ఆ మాట పైకి అంటే పిల్ల ఎక్కడ చెదిరిపోతుందోనని మేడమ్ గడియారం వైపే చూస్తూ లెక్క కొనసాగించింది.

మూడోవారం మేడమ్ పిల్లలకు కాలు తుడిచే పట్టు నేర్పింది. ఎదుటివాళ్ల బరువు పాదం మీదకు వచ్చే క్షణంలో ఆ పాదాన్ని పక్కకు తుడిచేయాలి. ఇదివరకు పిడుగు చేతులతో ముందు లాగేసేది, కాలు తీరిగ్గా తర్వాత వచ్చేది. ఆ రోజు మేడమ్ దాని కోటు పట్టుకుని పక్కకు అడుగు వేసిందో లేదో, పిడుగు చేతులు తిప్పడం, దాని అరికాలు వచ్చి తగలడం ఒక్కసారే జరిగాయి. మరుక్షణం మేడమ్ వెల్లకిలా పడి పైకప్పు చూస్తోంది.

"అయ్యో, చెవి!" అని అరిచాడు బొద్దబ్బాయి.

పిడుగు ముఖం పాలిపోయింది. "మేడమ్, తిరుగుతోందా?"

మేడమ్ ఒక్క క్షణం ఆగి చూసుకుంది. పైకప్పు ఉన్నచోటే ఉంది.

"ఏమీ తిరగట్లేదే. చెవి శుభ్రంగా ఉంది. పడేసింది నువ్వే!"

పిడుగు గబగబా చెయ్యందించి మేడమ్‌ను లేపింది. ఈలోగా బొద్దబ్బాయి బెల్టు బిగించుకుంటూ, "మేడమ్, తర్వాత నేను!" అన్నాడు. వాడి వెనక మిగతా ఎనిమిదిమందీ తోసుకుంటూ వరసకట్టారు.